తెరుచుకోని తలుపుకి ఒక చరిత్ర

“కళ్ళజోడు వదిలేసి ఎవరైనా ఊరెళతారా, వదినా?”

అడిగినవాడు మా మరిది. పోలీసు ఇన్‌స్పెక్టరు. నేను సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన రోజు నుంచి ఇంట్లో అన్నాల దగ్గర మా ఇద్దరి మధ్యా మా ఆయనే కూర్చుంటున్నాడు, పాపం, గొడవ గిన్నెల దాకా రాకుండా. ఎంత తప్పించుకుందామన్నా ఈ కేసులో మళ్ళీ ఇద్దరం ఒకే గదిలో తేలాం.

నేను బల్లమీది కళ్ళజోడు తీసి వెలుతురుకి పట్టి చూశాను. కుడి కాడ ఊడితే దారంతో కట్టారు. ఏళ్ళ తరబడి వాడిన మనిషి వస్తువు. పక్క హాల్లో ఎవరో జోలపాట సరిచూసుకుంటున్నారు. ఒకే చరణం, ఒకసారి వేణువుతో, ఒకసారి వట్టి గొంతుతో. ఈ భవనంలో అడుగుపెట్టినప్పటి నుంచి అది నా వెంటే తిరుగుతోంది. పట్టపగలే, అయినా కళ్ళు వాలిపోతున్నాయి. ఇక్కడ పనిచేసేవాళ్ళు కూడా ఎవర్నో నిద్రలేపుతామేమో అన్నట్టు మెల్లగా మాట్లాడతారు, మెల్లగా నడుస్తారు.

ఇక్కడ తయారయ్యే కంప్యూటర్ ఆట పేరు నిదురలంక. నడిసముద్రంలో ఒక లంక. దాని మధ్య కొండ గుహలో ఒక రాణి నిద్రపోతూ ఉంటుంది. లంకలో కనిపించే నదులూ కోటలూ యుద్ధాలూ అన్నీ ఆవిడ కల. లక్షలమంది తెరల ముందు కూర్చుని ఆ కలలో తిరుగుతుంటారు. ఆ కలకి ఒక అధికారిక చరిత్ర కూడా ఉంది. రెండు లావుపాటి సంపుటాలు, గట్టి అట్ట, లోపల పటాలు, వంశవృక్షాలు. మూడో సంపుటం ఇవాళ సాయంత్రం ఆరింటికి అచ్చుకి వెళ్ళాలి. రాసినాయన్ని ఆఫీసులో అందరూ శాసనం గారంటారు. ఆయన పుస్తకంలో ఒక మాట పడిందంటే ఇక లంకలో అది జరిగినట్టే. యజమాని కూడా మార్చడానికి లేదు.

ఆ శాసనం గారు మొన్న సాయంత్రం ఈ గదిలోకి వచ్చారు. మళ్ళీ ఎవరికీ కనబడలేదు. గేటు దగ్గరి కెమెరాలో లోపలికి వచ్చినట్టు ఉంది, బయటికి వెళ్ళినట్టు లేదు. నిన్న పొద్దున మాత్రం ఆయన ఫోను నుంచి ఆఫీసుకి మెసేజ్ వచ్చింది, విశ్రాంతి కోసం ఊరెళుతున్నాను, వెతకొద్దు అని. ఆ తరవాత ఫోను కట్టేసి ఉంది.

నిన్న మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చింది ఆయన కూతురు. పాతికేళ్ళుంటాయి. నేను కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఆయనకి గుండె బలహీనమండీ. నేను పక్కన లేకపోతే మాత్ర వేసుకోవడం కూడా మరిచిపోతారు. నాన్న ప్రాణాలతో ఉన్నారో లేదో, ఎక్కడున్నారో, అదొక్కటి చూసిపెట్టండి. ఇంకేమీ అక్కర్లేదు” అని కళ్ళొత్తుకుంది.

మా నాన్న పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆ పిల్ల అలా గుమ్మం దగ్గర నిలబడి అడుగుతుంటే నా గుండె కరిగిపోయింది. అప్పటికప్పుడు ఒప్పుకున్నాను. ఇప్పుడు కింద అంతస్తులో, సందర్శకుల సోఫాలో ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుని నా కబురు కోసం ఎదురుచూస్తోంది.

“నన్నడుగుతావేం? ఆవిణ్ణి అడుగు” అన్నాను మరిదితో.

ఆవిడ అంటే ఈ పుస్తకాల ఎడిటరమ్మ. కొప్పులో పెన్సిలు గుచ్చుకుని కిటికీ పక్కన నిలబడి ఉంది. మొదటి సంపుటం నుంచీ శాసనం గారు రాసిన ప్రతి వాక్యం ఈవిడ చేతిమీదుగానే బయటికి వెళ్ళింది.

“పాత కళ్ళజోడండీ అది” అంది, మా మరిది నోరు తెరవకముందే. “చదువుకోడానికి కొత్తది చేయించుకున్నారు. దీన్ని పేజీలు ఎగరకుండా బరువుగా పెట్టుకుంటారు.”

“కిటికీ రాత్రంతా తెరిచే ఉందట?”

“గడియ సరిగా పడదు. వేసినా గాలికి మళ్ళీ తెరుచుకుంటుంది.”

“నేలమీద తడి?”

“పూలకుండీ కింది పళ్ళెం పగిలింది. పోసిన నీళ్ళన్నీ కారిపోతాయి.”

“ఊఁ.”

“ఆ అల్మరా దగ్గర గీతలంటారా, అవి దుమ్ము దులపడానికి జరిపినప్పుడు పడ్డవి. ఎప్పటివో.”

మా మరిది తల ఊపి రాసుకున్నాడు. నేను గీతలవైపు చూశాను, ఆవిడవైపు చూశాను.

“ఆయన కూతురు కింద కూర్చుని ఉందండీ. రెండు రోజులుగా తిండి లేదు, నిద్ర లేదు. ఒకసారి వచ్చి ధైర్యం చెబుతారా?” అన్నాను.

ఎడిటరమ్మ కొప్పులోంచి పెన్సిలు తీసి మళ్ళీ అక్కడే గుచ్చింది. “తరవాత చూద్దాం” అని ముఖం తిప్పుకుంది. ఆ పిల్ల ముఖం చూడలేక అనుకున్నాను. నాకూ జాలేసింది.

మా మరిది నన్ను వరండాలోకి లాక్కెళ్ళాడు. రహస్యం చెబుతున్నప్పుడు కూడా వాడి గొంతు రెండు గదులకి వినిపిస్తుంది.

“తేలిపోయింది వదినా. ఇన్నేళ్ళూ చాకిరీ ఈవిడది, అట్టమీద పేరు ఆయనది. కడుపుమంట ఉండదా? మూడో సంపుటం తన పేరుతో వేయించుకుందామని ఆయన్ని లేకుండా చేసింది. మెసేజ్ కూడా ఈవిడే పెట్టింది.”

“శవం ఎక్కడుంది మరి, నీ జేబులోనా?”

“దొరుకుతుంది. ముందు మనిషిని లోపలేస్తే తనే నోరు విప్పుతుంది. చూశావుగా, ఏదడిగినా తడుముకోకుండా జవాబు. నిజం చెప్పేవాళ్ళు నీళ్ళు నములుతారు, మరిచిపోతారు, చిరాకు పడతారు. ఇంత శుభ్రంగా ఎవరైనా చెబుతారా?”

“అంత శుభ్రంగా చెప్పిందన్న మాట నిజమే. దానికి నువ్వు తీసిన అర్థమే తప్పు.”

“నీకన్నీ తప్పులే. అన్నయ్య ఎలా వేగుతున్నాడో!”

“మీ అన్నయ్యకి నోరు మూసుకోవడం వచ్చు. నాకో అరగంట ఇవ్వు.”

“ఎందుకు? ఆట ఆడుకుంటావా?”

“అవును” అన్నాను. నిజంగానే అన్నాను.

లోపలికి వెళ్ళి శాసనం గారి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నిన్న రాత్రి కూర్చుని రెండు సంపుటాలూ చదివాను కానీ లంకలో ఎప్పుడూ అడుగుపెట్టలేదు. ఎడిటరమ్మ వద్దనలేదు, మీటలు ఎలా నొక్కాలో కూడా చూపించింది. తెర వెలిగింది. లేత నీలం మంచు. మంచులో రాతిమెట్లు. ఎక్కడిదో తెలియని వెలుతురు. నా అడుగుల చప్పుడు నాకే దూరం నుంచి వినిపిస్తోంది. ఆ పక్క హాల్లోని పాట ఇక్కడ కొండల అవతల నుంచి వస్తోంది. కాసేపటికి నా చేయి మీట మీద ఉన్న సంగతే మరిచిపోయాను. ఎవరో నా చేయి పట్టుకుని తీసుకువెళుతున్నట్టుగా ఉంది, చిన్నప్పుడు జ్వరంలో పడుకున్నప్పుడు ఉండేది ఇలాగే.

“ఇదేంటమ్మా, గొర్రె గోడమీద నడుస్తోంది?” అన్నాను ఉలిక్కిపడి.

ఎడిటరమ్మ ఆ రోజు మొదటిసారి నవ్వింది. “మొదట అది తప్పేనండి. చేసినవాళ్ళు ఎక్కడో లెక్క తప్పారు. దిద్దాలంటే నెలలు పట్టేది. శాసనం గారు ఒక పూటలో దానికి చరిత్ర రాసిచ్చారు. రాణి నిద్రలో అటువైపు ఒత్తిగిల్లింది, లంకలో గోడ నేలైంది, నేల గోడైంది. మళ్ళీ ఇటు తిరిగినప్పుడు అన్నీ సర్దుకున్నాయి. ఆ గొర్రెకి మాత్రం ఎవరూ చెప్పలేదు.”

“అమ్మో!”

“ఇప్పుడు జనం దాన్ని చూడ్డానికే వస్తారు. మా పనే అది. ఆటలో ఎక్కడ ఏ తప్పు కనబడినా వదలం. ఎవరో ఒకరు పట్టుకుంటారని భయం. దానికొక కారణం పుట్టించేదాకా నాకైతే అన్నం సయించదు.”

“చరిత్రకారుడి బురుజుకి దారెటు?”

ఆవిడ నవ్వు ఆగింది. వేలితో చూపించింది. పుస్తకంలో ఈ చరిత్ర అంతా రాసేది లంకలోనే ఉండే ఒక ముసలి చరిత్రకారుడు. వాడు కూర్చునే గదిని బొమ్మలు గీసేవాళ్ళు శాసనం గారి గదిని చూసే తయారుచేశారట, ఆఫీసు ఈ భవనంలోకి మారిన కొత్తలో. నేను మెట్లెక్కి లోపలికి వెళ్ళాను. అదే బల్ల. అదే కిటికీ, గాలికి మెల్లగా కొట్టుకుంటోంది. అదే పూలకుండీ. ఖాళీ కుర్చీ. చుట్టూ తిరిగి చూశాను. ఉత్తరపు గోడకి అల్మరా లేదు. సన్నటి నీలం తలుపు ఉంది.

నెట్టాను. తెరుచుకోలేదు.

“అది తెరుచుకోదండీ” అంది ఎడిటరమ్మ గబగబా. “రాణి కనడం మరిచిపోయిన గది అది. తలుపు దాకా కల కని ఆగిపోయింది. అవతల ఏమీ లేదు. రెండో సంపుటంలో ఉంది.”

“చదివాను. ఇదీ మొదట తప్పేనా?”

“తప్పే.”

“ఎవరి తప్పు?”

నేను కుర్చీ వెనక్కి తిప్పాను. తెరలో గది, తెర బయట గది. ఒక్క క్షణం నేను ఏ గదిలో కూర్చున్నానో నాకే అర్థం కాలేదు. ఇటువైపు ఉత్తరపు గోడకి పుస్తకాల అల్మరా నిలబడి ఉంది. పై అరల్లో పుస్తకాలు ఊపిరాడకుండా కుక్కి ఉన్నాయి. కింది అరలు మాత్రం ఖాళీ, తోస్తే జరిగేంత తేలిక చేసినట్టు.

“నడక లెక్క తప్పితే గొర్రె గోడెక్కుతుంది, ఒప్పుకుంటాను. తలుపు అలా పుట్టదమ్మా. ఉన్నది చూసి గీసి ఉంటారు. ఆ తరవాత ఇక్కడ అల్మరా పెట్టారు. ఇక్కడ కనబడని తలుపు అక్కడ మిగిలిపోయింది కాబట్టి దానికో చరిత్ర రాయాల్సివచ్చింది. అంతేనా?”

“వదినా, బొమ్మల ఆటలో తలుపుంటే ఇక్కడా ఉన్నట్టేనా?” మా మరిది ఆవులించాడు. “ఈ కాకమ్మ కథలు చాలు. అమ్మా, పదండి స్టేషన్‌కి.”

“ఆగు. నువ్వు కళ్ళజోడు గురించి అడిగావు, చెప్పింది. కిటికీ గురించి అడిగావు, చెప్పింది. తడి గురించి అడిగావు, చెప్పింది. అవన్నీ నిజాలే, వెళ్ళి పళ్ళెం చూసుకో, పగిలే ఉంది. అల్మరా గీతల గురించి నువ్వు అడిగావా?”

మా మరిది తన నోటుపుస్తకం తిరగేశాడు. “అడిగే ఉంటాను.”

“అడగలేదు. నువ్వు అసలు చూడనే లేదు. ఈవిడకి అలవాటు. తప్పు కనబడగానే ఎవరో పట్టుకుంటారని ముందే కారణం చెప్పేసింది. ఎప్పటివో గీతలంటుంది, వంగి చూడు, చెక్కపొట్టు ఇంకా నేలమీదే ఉంది.”

ఎడిటరమ్మ వచ్చి అల్మరాకి అడ్డంగా నిలబడింది.

“ఆరింటి దాకా ఆగండి. మీకు దండం పెడతాను. ఆరు దాటాక మీరు ఏం చేసినా నేను మాట్లాడను.”

“ఇంకేం! ఒప్పుకున్నట్టే” అని మా మరిది ఆవిణ్ణి పక్కకి తప్పించి అల్మరాని భుజంతో నెట్టాడు. అది బుద్ధిగా జరిగింది. వెనకాల సన్నటి నీలం తలుపు. తెరలో ఉన్నదే, రంగు కాస్త పెచ్చులూడింది. శవం కోసం సిద్ధపడి జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని మరీ తలుపు లాగాడు.

లోపల పాత కాగితాలు పడేసుకునే కొట్టు. నేల నుంచి పైకప్పు దాకా కట్టలు. మధ్యలో మడతమంచం, బల్లదీపం. మంచం మీద తెల్లగడ్డం మనిషి, ముక్కుమీద కొత్త కళ్ళజోడు, ఒళ్ళో పేజీలు. తలెత్తకుండానే అడిగాడు.

“ఆరైందా అమ్మా?”

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇరవై ఏళ్ళ వృత్తిలో బతికున్న మనిషిని వెతికి పట్టుకున్న కేసులు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. మా మరిది జేబురుమాలు మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“వదినా, అన్నయ్యకి చెప్పకు.”

“అన్నం తినేటప్పుడు చెబుతాలే.”

వాడు ముఖం మాడ్చుకుని యజమానికి కబురు చెప్పడానికి పై అంతస్తుకి వెళ్ళాడు. నేను బల్ల దగ్గరికి వెళ్ళి ఫోను తీసి ముందు ఆ పిల్లకి చేశాను.

“దొరికారమ్మా. క్షేమంగా ఉన్నారు. మూడో అంతస్తు, ఆయన గదిలోనే, అల్మరా వెనక చిన్న తలుపుంది. పైకి రా.”

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసుకుంది, ఫోను పెట్టేసింది. సంతోషంలో మాట పెగల్లేదు కాబోలు అనుకుని, ఫోను అక్కడే పడేసి లోపలికి వచ్చాను. ఎడిటరమ్మ నా వెనకే వచ్చి తలుపు దగ్గరికి లాగింది.

“నన్ను వెతకమని మిమ్మల్ని ఎవరు పంపారు?” అన్నారు శాసనం గారు. కోపం లేదు, తెలుసుకోవాలనే ఉంది.

“ఇంకెవరండీ, మీ అమ్మాయి. ఆ పిల్ల పడ్డ బాధ చూడలేకపోయాను. వస్తోంది, మీరే చూస్తారుగా. ముందు మాత్ర వేసుకున్నారా లేదా చెప్పండి.”

ఆయన ఎడిటరమ్మ వైపు చూశారు. ఆవిడ కాగితాల కట్ట మీద కూలబడింది.

“ఏం మాత్ర?”

“గుండెకి.”

“నా గుండెకేమమ్మా, బండరాయిలా ఉంది. నాకు కూతురెక్కడిది? అసలు పెళ్ళే చేసుకోలేదు.”

“రెండో సంపుటం చివర్న ‘నా మాట’లో మీరే రాశారు కదండీ. నా గుండె బలహీనం, నా కూతురే నా ఊపిరి అని?”

“అది నా మాట కాదు. లంకలో చరిత్రకారుడి మాట. పుస్తకమంతా వాడు రాసినట్టే కదా ఉంటుంది. చివరి పేజీ కూడా వాడిచేతే రాయించాను. ముచ్చటగా ఉంటుందని.”

మా మరిది ఫైల్లో కూడా కుటుంబం అన్నచోట ఒక కుమార్తె అనే ఉంది. ఆఫీసువాళ్ళు ఇచ్చిన వివరం అది. వాళ్ళకి ఎక్కడ దొరికిందో ఇప్పుడు అర్థమైంది. ఈయన పుస్తకంలో పడింది, కాబట్టి ఈయనకి కూతురు ఉన్నట్టే.

“మీరు కూతురు అనగానే నాకు తెలిసిపోయింది” అంది ఎడిటరమ్మ. “మీరూ ఆ పిల్ల మనిషే అనుకున్నాను. అందుకే నోరు మెదపలేదు.”

అడిగిన ప్రతిదానికీ కారణం చెప్పిన మనిషి, కింద కూర్చున్న కూతురి దగ్గరికి రమ్మన్నప్పుడు మాత్రం ఏ కారణమూ చెప్పలేదు. అది నేను వినలేదు. అల్మరా గీతలు పట్టుకున్నానని మురిసిపోయి, కళ్ళెదుట ఉన్నదాన్ని జాలి అనుకుని వదిలేశాను. నామీద నాకే అసహ్యం వేసింది.

“ఎవరు ఆ పిల్ల?”

“పేరు తెలియదు” అన్నారు శాసనం గారు. “మూడో సంపుటం చివర రాణి మేలుకుంటుంది. లంక అయిపోతుంది. ఎన్నాళ్ళని నిద్రపుచ్చను? ఎలాగో బయటికి పొక్కింది. అప్పటి నుంచి రోజూ ఫోను. రాణిని లేపితే నిన్ను నిద్రపుచ్చుతాను అంటుంది. చాలా మర్యాదగా అంటుంది. స్టేషన్‌కి వెళితే ఆటలో రాణి కోసం ఎవరు చంపుతారండీ అని నవ్వి పంపేశారు. చివరి పేజీ అచ్చుకి వెళ్ళేదాకా దాక్కుంటే చాలనుకున్నాం. ఒకసారి అచ్చులో పడితే ఇక ఎవరూ ఏమీ చేయలేరు.”

“ఆ పేజీ ఏది?”

ఆయన ఒళ్ళోని కాగితం ఎత్తి చూపించారు. సంతకం ఇంకా పెట్టలేదు.

బయటి గదిలో అడుగుల చప్పుడు. తొందర లేని అడుగులు. తలుపు అవతల వచ్చి ఆగాయి.

“నాన్నా” అంది ఆ పిల్ల. “నేను వచ్చాను.”

“ఆ గొంతే” అన్నారు శాసనం గారు, పెదవులు మాత్రమే ఆడిస్తూ.

నేను ఒక్క అంగలో తలుపు దగ్గరికి వెళ్ళి గడియ కోసం తడిమాను. పైనా లేదు, కిందా లేదు. కాగితాల కొట్టుకి లోపలివైపు గడియ ఎవరు పెట్టిస్తారు? నేను తలుపు నెట్టేలోపే అటువైపు గడియ పడింది. నా ఫోను బయట కంప్యూటర్ పక్కన ఉంది. ఈ తలుపు ఎక్కడుందో ఆ పిల్లకి చెప్పింది కూడా నేనే.

“ఈ తలుపు తెరుచుకోదు నాన్నా” అంది అవతల నుంచి, పసిపిల్లని జోకొట్టే గొంతుతో. “మీరే రాశారు.”

ఆ మాట వెనకే తలుపు కింది సందులోంచి పెట్రోలు వాసన లోపలికి వచ్చింది. కొట్టు నిండా కాగితమే ఉంది.